మ్యాచింగ్ దొరకలేదా?

మొన్న మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి నారాయణపేట గళ్ళచీర కట్టుకుని వెళ్ళాను. ముదురు ఆకుపచ్చ మీద సన్నటి పసుపు గళ్ళు, మెరూన్ అంచు. దాని మీదకు పెడన అద్దకం జాకెట్టు వేసుకున్నాను. అంచులో ఉన్న మెరూనే జాకెట్టు నేల, దాని మీద నల్లటి తీగలు, చిన్న పూలు. ఇంట్లో అద్దంలో చూసుకున్నప్పుడు చాలా నచ్చింది. పెళ్ళిలో మా పిన్ని నన్ను పక్కకు పిలిచి, చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది: "మ్యాచింగ్ దొరకలేదామ్మా? ఒక్క మాట చెప్తే నేనే తెచ్చేదాన్నిగా."

పిన్ని మాటలో వెటకారం లేదు. పెళ్ళి హడావిడిలో నాకు జాకెట్టు కుట్టించుకునే తీరిక దొరకలేదని నిజంగానే బాధపడింది. గళ్ళ పక్కన పూలు కనిపిస్తే, నేను కావాలనే వేసుకున్నానేమోనన్న ఆలోచన ఆమెకు రాలేదు. ఏదో లోటు వచ్చి ఉంటుందనే అనుకుంది.

ఆ రోజు పిన్నికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. గళ్ళ మీద పూలు, చారల మీద ఇక్కత్ (నేయకముందే పోగుకు రంగు వేసి తెచ్చే డిజైను) వేసుకోవడం ఎక్కడినుంచో వచ్చిన ఫ్యాషన్ అని చాలామంది అనుకుంటున్నారు. దానికి ధైర్యం కావాలని కూడా అంటారు. నాకు అలా అనిపించదు. మన నేతలో, మన కట్టులో ఇది ముందునుంచీ ఉంది. మ్యాచింగ్ అనే అలవాటు ముదిరి, దాన్ని చూసే కన్ను మనకు మందగించింది.

మా అమ్మ చిన్నతనంలో జాకెట్టు ముక్క చీరతో పాటు వచ్చేది కాదు. పేరంటంలో వచ్చేది. శ్రావణమాసం నోముల్లో తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్ళు, నానబెట్టిన శనగలతో పాటు ఒక రవికల గుడ్డ చేతిలో పెట్టేవారు. ఇచ్చినవాళ్ళకు ఏ రంగు దొరికితే ఆ రంగు. పుచ్చుకున్నావిడ ఇంటికి వెళ్ళి, ఉన్న నాలుగు చీరల్లో ఇది దేని మీదకు బాగుంటుందా అని చూసుకునేది. లంగా ఓణీలు సరేసరి. లంగా ఒక తాను, జాకెట్టు ఇంకో తాను, ఓణీ వేరే రంగు. మూడూ ఒకేలా ఉంటే స్కూల్ యూనిఫారంలా ఉందనేవారు.

మ్యాచింగ్ కూడా తెలివితక్కువ పనేమీ కాదు. మా ఊళ్ళో మ్యాచింగ్ సెంటర్‌కు అమ్మతో వెళ్ళడం నాకు బాగా గుర్తు. గోడంతా టూ బై టూ రూబియా తాన్లు. ఒక్క ఆకుపచ్చలోనే చిలకపచ్చ, మెంతిరంగు, పాచిరంగు, సీసారంగు. అమ్మ చీర చెంగు తాను మీద పెట్టి చూసేది, ట్యూబ్‌లైటును నమ్మకుండా రెండూ పట్టుకుని వీధిలోకి వచ్చి ఎండలో మళ్ళీ చూసేది. షాపతను విసుక్కున్నా పట్టించుకునేది కాదు. రంగులో రవ్వంత తేడాను పట్టుకోగల కన్ను ఆమెది. రెండు డిజైన్లు కలపాలన్నా కావలసింది ఆ కన్నే. ఒకే రంగును వెతికి పట్టుకోవడానికి తప్ప ఇంకెందుకూ దాన్ని వాడుకోలేదే అన్నదే నా బాధ.

ఇప్పుడైతే ఆ వెతుకులాట కూడా లేదు. అయిదున్నర మీటర్ల చీరకు మరో 80 సెంటీమీటర్లు కలిపే నేసి, జాకెట్టు ముక్క చీరలోనే ఇచ్చేస్తున్నారు. కత్తిరించి టైలరుకు ఇస్తే పని అయిపోయింది. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. ఒకసారి బీరువా సర్దుతూ లెక్క పెడితే 41 చీరలకు 38 జాకెట్లు తేలాయి. అందులో పదికి పైగా జాకెట్లకు చీరలే లేవు. చీర చిరిగిపోయో, ఎవరికో ఇచ్చేసో ఉంటాను, జాకెట్టు మాత్రం జంట లేని చెప్పులా మిగిలింది. దేని మీదకూ వేసుకోను, పారేయడానికి చెయ్యి రాదు. ఆ మధ్యాహ్నం వాటిని మంచం మీద పరిచి, ఏది ఏ చీర మీదకు వెళ్తుందో ఊరికే పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఈ పిచ్చి నాకు అక్కడ పట్టుకుంది.

మొదట తెలిసిన సంగతి, చీర ఎప్పుడూ ఒక్క డిజైను కాదని. గద్వాల చీర తీసుకోండి. ఒళ్ళు నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. గుడ్డలే వేరు. ఒళ్ళు ఒక పేకతో (అడ్డపోగుతో), అంచు ఇంకో పేకతో నేస్తూ, రెండూ కలిసే చోట పోగును పోగులో మెలేసి ముడి పెడతారు. కుప్పడం అంటారు దాన్ని. ఆ కలిసే గీత దగ్గర కోటకొమ్మ వేస్తారు, గుడి గోపురాల వరుసలా పళ్ళు పళ్ళుగా. అంటే ఒంటి మీద గళ్ళో బుటాలో, వాటిని ఆనుకుని కోణాలు, ఆ కింద జరీ గీతలు, కొంగులో అడ్డచారలు. నాలుగు డిజైన్లు ఒకే చీరలో ఉన్నాయి. దాన్ని చూసి ఎవరూ "ఇదేంటి, కలవలేదు" అనరు. నేతగాడు కలిపితే అందమన్నదాన్ని కట్టుకునేవాళ్ళు కలిపితే లోటంటున్నాం.

రెండో పాఠం బొంత దగ్గర నేర్చుకున్నాను. అమ్మమ్మది చీరాల దగ్గర పల్లె. పాత చీరలు, తాతయ్య పంచెలు, గళ్ళ లుంగీలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టేది. ఇప్పటికీ ఒకటి నా దగ్గర ఉంది. దాని మీద గళ్ళున్నాయి, చుక్కలున్నాయి, పెద్ద పెద్ద గులాబీల వాయిల్ ముక్క ఉంది, ఎవరిదో చిన్నపిల్ల గౌను ముక్క కూడా ఉంది. అమ్మమ్మ కలర్ కాంబినేషన్ అని కూర్చుని ఆలోచించి ఉండదు. అయినా ఆ బొంత కళ్ళకు హాయిగా ఉంటుంది. ఎందుకని చాలా రోజులు చూశాను. అన్నీ ఉతికి ఉతికి ఒకే మోతాదులో వెలిసిపోయాయి. ఎరుపు ఎరుపుగానే ఉంది, నీలం నీలంగానే ఉంది, కానీ ఏదీ ఇంకోదాని కంటే గట్టిగా అరవడం లేదు. పైగా అంతటా ఒకే తెల్ల దారం కుట్టు నడిచింది.

అప్పటినుంచి రంగు పేరు కంటే రంగు గొంతు ఎంత పైకి ఉందో ముందు చూస్తున్నాను. రెండు గుడ్డల్లోనూ ఎరుపే ఉన్నా, ఒకటి మెత్తగా, ఒకటి కొట్టొచ్చినట్టు ఉంటే పొసగవు. రంగులు వేరైనా ఇద్దరిదీ ఒకే స్థాయి గొంతయితే డిజైన్లు ఎంత తేడాగా ఉన్నా సర్దుకుపోతాయి.

ఈ సంగతి తెలియక ఒకసారి దెబ్బతిన్నాను. తెల్లగా మెరిసే చారల చీర మీద కలంకారీ జాకెట్టు వేసుకున్నాను. రెండిట్లోనూ తెలుపుంది కదా, కలుస్తాయనుకున్నాను. బయటికి వచ్చాక జాకెట్టు మాసిపోయినట్టు కనిపించింది. ఆఫీసులో రోజంతా పవిట కప్పుకునే కూర్చున్నాను. తప్పు కలంకారీది కాదు. సంప్రదాయ పద్ధతిలో ఆ గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచుతారు. తర్వాత ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నలుపు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, మొక్కల వేళ్ళ నుంచి తీసిన రంగులో ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. కాబట్టి కలంకారీలో మనం తెలుపు అనుకునేది అసలు తెలుపే కాదు, మీగడ రంగు. దాని పక్కన బ్లీచ్ చేసిన తెలుపు పెడితే మీగడ మురికిగా కనిపించక ఏమవుతుంది? అదే జాకెట్టును మంగళగిరి మీగడరంగు చీర మీదకు వేసుకుంటే, నిజాం అంచులోని కోణాలు, జాకెట్టులోని తీగలు చక్కగా కలిశాయి. గుడ్డ ఎలా తయారైందో తెలిస్తే సగం తప్పులు ముందే తప్పుతాయి.

ఇక ఆకారాల సంగతి. గళ్ళూ చారలూ నిలువు గీత, అడ్డ గీతల పని. పడుగు, పేక నేరుగా చెప్పే మాట. అద్దకంలో తీగలూ పూలూ మామిడి పిందెలూ వంపులు తిరుగుతాయి, ఎందుకంటే చెక్క అచ్చుకో కలానికో మగ్గం గీతలతో పని లేదు. అందుకే గళ్ళూ తీగలూ తేలిగ్గా కలుస్తాయి. ఒకటి నిలబడుతుంది, ఇంకోటి అల్లుకుంటుంది. పందిరీ పాదూ లాగా. ఇక్కత్‌కి మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. నేయకముందే పోగును కొలిచి, సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో కట్లు కట్టి రంగులో ముంచుతారు. పోచంపల్లి వైపు చిటికి అంటారు. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరుగుతుంది కాబట్టి డిజైను అంచులు సన్నగా చెదిరినట్టు, నీళ్ళలో నీడలా ఉంటాయి. దాని పక్కన బొమ్మల కలంకారీ పెద్దది పెట్టి చూశాను. కుదరలేదు. ఇక్కత్ తన కదలికతో కన్ను లాగుతుంది, పెద్ద బొమ్మ తన కథతో లాగుతుంది, చూసేవాళ్ళు ఎటూ నిలవలేరు. అదే ఇక్కత్ మీదకు గోరంత గళ్ళున్న జాకెట్టు అయితే హాయిగా ఉంది. ఒకటి పెద్దదైతే రెండోది దూరం నుంచి చూసినప్పుడు దాదాపు ఒకే రంగులా కనిపించేంత చిన్నది కావాలి. నా అనుభవంలో ఇది తప్పిపోయింది చాలా తక్కువ.

అన్నిటికంటే నాకు ఎక్కువ నేర్పింది తేలియా రుమాలు. చీరాల, పుట్టపాకల నేత. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి పిండుతారు. ఆ నూనె వల్లే ఆ పేరు, హిందీలో తేల్ అంటే నూనె. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. ఆ మూడింటితోనే గడులు గీసి, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేస్తారు. పాత రుమాళ్ళలో ఏనుగులు, సింహాల పక్కనే గడియారాలు, విమానాలు కూడా ఉన్నాయి. చదరాలు, చుక్కలు, జంతువులు, యంత్రాలు ఒకే గుడ్డలో ఉన్నా గందరగోళం లేదు. రంగులను మూడు దగ్గర ఆపేశారు, గడి గీతను ఎక్కడా తెంచలేదు. ఈ పనిని నిలబెట్టినందుకే పుట్టపాకకు చెందిన గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. నా దగ్గరున్న ఒక్క తేలియా దుపట్టా కలంకారీ కుర్తాల మీదకు ఎంత బాగా కుదురుతుందో చెప్పలేను. రెండిటిలోనూ ఎరుపు నలుపులే కదా. వేర్వేరు ఊళ్ళు, వేర్వేరు చేతులు, అయినా ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి.

ధైర్యం కావాలనేవాళ్ళు ఒకసారి మన బంజారా తండాల్లో పెద్దవాళ్ళు వేసుకునే పేట్యా (లంగా), కాంచళి (రవిక) చూడాలి. అద్దాలు, రంగురంగుల ముక్కలు, త్రికోణాలు, పువ్వుల గుడ్డ, చారల గుడ్డ అన్నీ పక్కపక్కన, వాటి మధ్య సన్నటి తెల్ల పట్టీలు. ఆ పట్టీ దగ్గర కన్ను ఒక్క క్షణం ఆగి, తర్వాత ముక్కకు వెళ్తుంది. అంత సాహసమైన కలయిక ఏ ఫ్యాషన్ షోలోనూ నేను చూడలేదు. కానీ రోడ్డు పనుల దగ్గర ఆ బట్టల్లో కనిపించిన ఆవిణ్ణి స్టైలిష్ అని ఎవరం అనలేదు. అదే పద్ధతిలో కుట్టిన జాకెట్టు పెద్ద షోరూములో వేలాడితే వేలు పోసి కొంటాం. ఇది నాకు కష్టంగా ఉంటుంది.

సముద్రం దాటి వెళ్ళిన మన గుడ్డల కథ కూడా ఇదే చెబుతుంది. కోరమాండల్ తీరం అద్దకాల మీద యూరప్‌లో మోజు ఎంతగా పెరిగిందంటే, అక్కడి నేతవాళ్ళ పని పోతుందని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లాండ్ 1721లో వాటి వాడకాన్ని అడ్డుకుంటూ చట్టాలు చేశాయి. నెదర్లాండ్స్‌లో హిందెలోపెన్ అనే చిన్న రేవు ఊళ్ళో ఆడవాళ్ళు భారతదేశపు పూల అద్దకంతో పొడవాటి కోటు కుట్టించుకుని, దానితో పాటు గళ్ళ గుడ్డలు కలిపి ధరించేవారు. 18వ శతాబ్దంలో అది వాళ్ళ ఊరి కట్టు. గళ్ళూ పూలూ కలిపి అక్కడి ఆడవాళ్ళు మురిసిపోయిన సంగతి చదివినప్పుడు నాకు పిన్ని ప్రశ్న గుర్తొచ్చింది.

ఇప్పుడు కోపం వచ్చే సంగతి. డిజైన్లు కలపడం మళ్ళీ ట్రెండ్ అయ్యేసరికి బజారులో దాన్ని ముందే కలిపేసి అమ్ముతున్నారు. ఒకటే పాలిస్టర్ గుడ్డ, దాని మీద కంప్యూటర్ ప్రింటు: కొంగులో ఇక్కత్ బొమ్మ, అంచులో కలంకారీ బొమ్మ, ఒంట్లో గళ్ళ బొమ్మ. గత ఏడాది ఒక ఆన్‌లైన్ షాపులో "హ్యాండ్లూమ్ ఇక్కత్" అని రాసి ఉన్న కుర్తా ఒకటి కొన్నాను. వచ్చాక తిరగేసి చూస్తే వెనకవైపు వెలవెలబోతూ ఉంది. పోగుకే రంగు వేసిన అసలు ఇక్కత్‌కు రెండువైపులా ఒకేలా ఉండాలి. డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఆ గుడ్డ కళ్ళకు ఆనదు. ఇక్కత్ అంచు చెదరడానికి, అద్దకంలో అచ్చు అచ్చుకీ మధ్య సన్నటి తేడా రావడానికి, ఉప్పాడ జాందానీ బుటా వేలికి తగలడానికి ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. వేర్వేరు చేతుల పనులు పక్కపక్కన ఉంటేనే కలయిక అనిపిస్తుంది. ప్రింటరు అన్నిటినీ ఒకే చదునైన బొమ్మ చేసేస్తుంది. అక్కడ కలవడానికి రెండోది లేదు.

ఇక్కత్ పోగు మగ్గం దాకా రావడానికి ఎంత కష్టం ఉందో కూడా ఇక్కడే చెప్పాలి. పేక పోగును మేకుల చట్రం మీద అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాలి, ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళే. ఆ పనితో తన అమ్మ భుజాలు అరిగిపోవడం చూడలేక, నేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో యంత్రం చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. ఆయనకు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అంత పనిని కాపీ కొట్టిన దొంగ ప్రింటును కొని "మిక్స్ అండ్ మ్యాచ్" అనుకోవడం నాకు మనసొప్పదు. ధర ఎక్కువ కదా అంటారు. నిజమే. నేనూ నెల జీతం మీద బతికేదాన్నే. అందుకే చీరలు తగ్గించి ముక్కలు కొంటున్నాను. మీటరు అసలు ఇక్కత్, మీటరు పెడన అద్దకం. ఒక్కో జాకెట్టు నాలుగైదు చీరల మీదకు వస్తోంది. ఇప్పుడు నేను వేసుకునే జాకెట్లు 11.

లావుగా ఉన్నవాళ్ళు పెద్ద డిజైన్లు వేసుకోకూడదు, పొట్టివాళ్ళు అడ్డచారలు కట్టకూడదు, నలభై దాటితే లేతరంగులే మేలు అని మనకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు. నాకు 46. లావుగానే ఉంటాను. పెద్ద గళ్ళు కట్టుకుంటాను. మనిషిని సన్నగా చూపించడమే బట్ట పని అని ఒప్పుకుంటే ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు. నేను ఒప్పుకోను. ఆఫీసుకు బాగుండదనే మాటలో మాత్రం కొంత నిజం ఉంది. మీటింగు రోజు నేను కూడా సన్నచారల చీర, సన్నగళ్ళ జాకెట్టుతో సరిపెడతాను. ఎదుటివాళ్ళు మన మాట వినాలి, గుడ్డ చూస్తూ ఉండిపోకూడదు.

టైలరు దగ్గర ఒక్క జాగ్రత్త. చీరా ముక్కా రెండూ కలిపి చూపించండి. మొదటిసారి ఇక్కత్ ముక్క ఒక్కటే ఇచ్చి వచ్చాను. కుట్టాక చూస్తే ముందువైపు ఎడమ డిజైను ఒక ఎత్తులో, కుడి డిజైను ఇంకో ఎత్తులో ఉంది. ఆయన తప్పనలేను, పొదుపుగా కత్తిరించాడు. డిజైను కలిసేలా కోయాలంటే ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ కావాలి. అలాగే గుడ్డ బరువు కూడా చూసుకోవాలి. మెత్తటి వెంకటగిరి మీదకు దళసరి జాకెట్టు వేస్తే రంగులెంత కలిసినా చీర నిలవదు.

వచ్చే ఆదివారం పిన్ని వాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశం. గద్వాల చీర తీసి పెట్టాను. ఆవాలరంగు ఒళ్ళు, వంగపండు రంగు అంచు, కోటకొమ్మ. దాని మీదకు రెండు జాకెట్లు అనుకుంటున్నాను: ఒకటి ఎరుపు నలుపుల తేలియా, ఇంకోటి నీలి ఇక్కత్. తేలియా ఎరుపు ఆ ఆవాలరంగుతో కలుస్తుందనే అనిపిస్తోంది. నీలం దగ్గర మాత్రం అంచు కాస్త వాడినట్టుంది. అయితే ఇప్పుడు రాత్రి పదకొండు, పైన ట్యూబ్‌లైటు వెలుగుతోంది. పొద్దున్నే రెండూ పట్టుకుని మేడ మీదకు వెళ్ళి ఎండలో చూడాలి.